దిగేటప్పటి ఆచారం

మదనపల్లె దగ్గర కొండెక్కడానికి బెంగుళూరు నుంచి వచ్చినవాళ్ళకు జట్టు నాయకురాలు వసుధ బస్సులోనే చెప్పింది: "స్థానిక ఆచారాలను గౌరవించాలి."

ముళ్ళపొదల మధ్య దారి చూపిస్తూ కొండ కింది ఊరి సిద్ధమ్మ వాళ్ళను కొండకొన మీది గంగమ్మ గుడికి చేర్చింది. అందరూ బూట్లు విప్పారు. సిద్ధమ్మ కూడా చెప్పులు విడిచింది.

పూజారి అడ్డం వచ్చాడు. "యాడికిమే? హరిజనవాడోళ్ళు ఆణ్నే నిలబడాల, తెలీదా?"

"వీళ్ళతో పాటు ఒక్క దండం పెట్టుకోని వస్తా సామీ."

మేడమ్ ఒక్క మాట అంటే చాలని సిద్ధమ్మ వసుధ వైపు చూసింది.

వసుధ నొచ్చుకుంది. పాపం, నిజంగానే నొచ్చుకుంది. "ఏం చేస్తాం సిద్ధమ్మా, ఇక్కడి ఆచారం. మనం గౌరవించాలి. కాస్త మా బూట్లు చూస్తూ ఉండు," అని లోపలికి వెళ్ళింది.

హారతి తీసుకుని వాళ్ళు బయటికి వచ్చేసరికి కొండను మంచు కమ్ముతోంది. బూట్లు ఉన్నచోటే ఉన్నాయి. సిద్ధమ్మ కింది మలుపు దగ్గర ఉంది.

"సిద్ధమ్మా, ఆగు! మాకు దారి తెలీదు!"

"ఆగకూడదు మేడమ్! గుడి బయట నిలబడినోళ్ళు ఎవురికీ దారి సూపీకుండా దిగిపోవాల. ఈడి ఆచారం. గౌరవించండి!"

ఆ ఆచారం, లోపల హారతి వెలుగుతున్నప్పుడు పుట్టింది.