సణుగుడు వినే ఓడ

పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళకు హిమబిందు, శ్రీచరణ్ మొదటిసారి విహారనౌక ఎక్కారు. ప్రయాణికులు నోరు తెరిచి సణిగితే చాలు, క్షణంలో సరిచేసే ఓడ అది. ఆ రోజుల్లో ఇళ్ళూ బస్సులూ కూడా అలాంటివే. పాతకాలపు ఇంట్లో కాపురముంటున్న ఈ దంపతులకే ఇంకా ఆ భాగ్యం పట్టలేదు.

దిండు ఎత్తుగా ఉందని హిమబిందు అంటే దిండు తగ్గింది. ఎండ కొడుతోందంటే ఓడే పక్కకి తిరిగింది. దాంతో ఆమెకు హుషారొచ్చి, అలవాటు కొద్దీ, "ఈ మనిషితో వేగలేక చస్తున్నాను" అనేసింది.

"చిత్తం" అంది ఓడ, గది గోడలోంచి. రెండు మరచేతులు వచ్చి, కాఫీ తాగుతున్న శ్రీచరణ్‌ని కప్పుతో సహా కింది అంతస్తుకి మోసుకుపోయాయి.

"అయ్యో, మా ఆయన్ని తెచ్చేయండి!"

"ఫిర్యాదు రద్దు కావాలంటే ఆయనలో మీకు నచ్చిన గుణం ఒక్కటి చెప్పండి, తెస్తాం" అంది గోడ.

హిమబిందు సాయంత్రం దాకా ఆలోచించింది. మొగుణ్ణి మెచ్చుకోవడం వాళ్ళ వంశంలోనే లేదు.

ఈలోగా కింద శ్రీచరణ్, "తిట్టేవాళ్ళు లేక తిండి సయించట్లేదు" అని సణిగాడు. ఓడ వెంటనే అతన్ని తెచ్చి భార్య ముందు నిలబెట్టింది.

"ఆ చొక్కా ఏంటండీ, బఫూన్‌లా..." అనబోయిన హిమబిందు గోడవైపు చూసి నాలిక్కరుచుకుంది. "ఆ చొక్కాలో... మీరు బావున్నారండీ."

శ్రీచరణ్ హడలిపోయి ఆమె నుదుటిమీద చెయ్యి వేసి చూశాడు. "బాబోయ్, మా ఆవిడ మునుపట్లా లేదు!" అని మొత్తుకున్నాడు.

"చిత్తం" అంది గోడ. మరచేతులు ఈసారి హిమబిందు కోసం వచ్చాయి.