కుంటి సాక్ష్యం

దొరకి కుంటడం నేర్పడానికి స్వారీ బడి యజమానికి మూడు నెలలు పట్టింది.

దొర అంటే గుర్రం. బడిలో ఉన్న ఆరు గుర్రాల్లోకీ తెలివైనది. ఇంటి వెనక దొడ్లో రోజూ పొద్దున్నే పాఠం జరిగేది. పగ్గం బిగించి పట్టుకుంటే కుంటాలి, వదులు చేస్తే మామూలుగా నడవాలి. కుంటడమంటే ఊరికే కాలు ఈడ్చడం కాదు. ఎడమ ముందుకాలు నేలకు ఆనినప్పుడల్లా తల పైకి లేవాలి. నిజంగా కాలు నొప్పి పెట్టే గుర్రం చేసేది అదే. సరిగ్గా చేసినప్పుడల్లా ఒక క్యారెట్ ముక్క. మూడు నెలల్లో దొర కాస్త ఒళ్లు చేసింది గానీ, చదువు మాత్రం బాగా వంటబట్టింది.

ఇంత శ్రమా బావమరిది కోసమే.

భార్య తమ్ముడు గుర్రాలకు నాడాలు కొడతాడు. అతని కొలిమి షెడ్డు బడి గేటును ఆనుకునే ఉంది. అది లేకపోతే స్వారీ మైదానం రోడ్డు దాకా సాగుతుంది. అమ్మమని యజమాని రెండేళ్లు మంచిగానే అడిగాడు. ఆ వెర్రిబాగులవాడు ప్రతిసారీ టీ ఇచ్చి, నవ్వి, బావని సాగనంపేవాడు. మంచితనానికి కూడా ఒక హద్దుంటుందని యజమాని నమ్మకం. ఆ హద్దు ఎక్కడో ఆయనే నిర్ణయిస్తాడు.

ఈసారి బావమరిది నాడాలు కొట్టి వెళ్లిన మర్నాడే, స్వారీ నేర్చుకోవడానికి వచ్చిన పదిమంది ఎదుటా దొర కుంటుకుంటూ బయటికొచ్చింది. మేకు వంకరగా దిగి గిట్ట లోపలి పచ్చి మాంసానికి తగిలిందని యజమాని గోల పెట్టాడు. బావమరిది పరుగున వచ్చి నాడా ఊడదీశాడు. మేకులు ఒక్కొక్కటే వెలుతురులో పెట్టి చూశాడు. ఒక్కదానికీ నెత్తురు మరక లేదు. లోపల నలిగితే పైకి కనపడుతుందా అని యజమాని కనపడిన ప్రతివాడినీ అడిగాడు. సాయంత్రానికి ఊళ్లో గుర్రాలున్న వాళ్లందరికీ అది తెలిసిపోయింది.

గుర్రాల యజమానుల సంఘం విచారణ పెట్టింది. తప్పు రుజువైతే ఇక అతనికి ఎవరూ గుర్రాన్ని అప్పగించరు. కొలిమి ఆరిపోతుంది. షెడ్డు అమ్మకానికొస్తుంది. కొనేదెవరో వేరే చెప్పక్కర్లేదు.

బావమరిది అక్క దగ్గరికొచ్చి కూర్చుని, ఇరవై ఏళ్లుగా తప్పని చెయ్యి ఇప్పుడు నిజంగానే తప్పిందేమోనని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అక్క మంచినీళ్లిచ్చి పంపేసింది.

ఇంట్లో రామరావణ యుద్ధం జరుగుతుందని యజమాని గుండె రాయి చేసుకుని ఉన్నాడు. జరగలేదు. పైగా, విచారణ ఎలా జరుగుతుందో కనుక్కుందామని ఆవిడే వెళ్లి పశువుల డాక్టరు గారిని కలిసొచ్చింది.

"సూదిమందు ఇచ్చి పాదం మొద్దుబారుస్తారట," అంది కూర తరుగుతూ. "నొప్పి పాదంలోనే ఉంటే పది నిమిషాల్లో కుంటడం మానేస్తుందట. అప్పటికీ కుంటితే నొప్పి ఇంకెక్కడో ఉన్నట్టు. అప్పుడు మేకు తప్పు కాదని మా వాడు బయటపడతాడు."

యజమానికి పై ప్రాణాలు పైనే పోయాయి. చివరిదాకా పగ్గం బిగించే పట్టుకోవాలని కదా ఆయన అనుకున్నది. ఇంకొంచెం ఉంటే మూడు నెలల చదువూ గంగలో కలిసేది.

"నీ సొంత తమ్ముడు కదే," అన్నాడు, లోపలి సంతోషం పైకి కనపడనివ్వకుండా.

"తప్పు చేసింది ఎవరో తేలాలి కదండీ. ఎవరైతేనేం?"

ఇంత అమాయకురాలిని కట్టుకున్నందుకు ఆ రోజు ఆయన తనను తాను మెచ్చుకున్నాడు.

విచారణ రోజు సంఘం పెద్దలు ముగ్గురూ మైదానంలో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. బావమరిది తోలు ఆప్రాన్ కట్టుకుని, తలొంచుకుని ఓ పక్కన నిలబడ్డాడు. యజమాని పగ్గం బిగించాడు. దొర కుంటింది. అడుగడుక్కీ తల ఎగరేస్తూ ఎంత దీనంగా కుంటిందంటే, ఒక పెద్దాయన "అయ్యో పాపం" అనేశాడు.

డాక్టరు గారు గిట్ట పైభాగాన్ని దూదితో తుడిచి, మడమ వెనక నరాలు దిగే చోట రెండు వైపులా సన్నటి సూదితో పొడిచారు. తర్వాత వాచీ చూసుకుంటూ కూర్చున్నారు. పది నిమిషాలయ్యాక, ఇక నడిపించమన్నారు.

యజమాని పగ్గం వదులు చేశాడు.

దొర కొత్త అల్లుడిలా దర్జాగా నడిచింది. మైదానం చుట్టూ రెండుసార్లు తిరిగినా తల కొంచెమైనా ఎగరలేదు. బావమరిది కళ్లు మూసుకున్నాడు. పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

యజమాని గొంతు సవరించుకుని చిన్న ఉపన్యాసమే ఇచ్చాడు. సొంతవాడని ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకున్నాననీ, నోరులేని జీవి బాధ చూడలేకే ఇక్కడిదాకా వచ్చాననీ, బావమరిది మీద తనకు ఇసుమంత కోపం కూడా లేదనీ చెప్పాడు. షెడ్డు మాట ఎత్తలేదు. దానికింకా టైముంది.

"అంటే ఇందాకటి నొప్పి సూది వల్లే పోయిందంటారు," అన్నారు డాక్టరు గారు.

"కళ్లారా చూశాం కదండీ. అంతా మీ మందు మహిమ."

ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకోమని డాక్టరు గారు సంఘం అధ్యక్షుణ్ణి అడిగారు. ఆయన రాశాడు. యజమాని ఉత్సాహంగా కింద సంతకం కూడా పెట్టాడు.

"మందు సీసా సీలు ఇంకా తియ్యనే లేదండీ," అన్నారు డాక్టరు గారు సంచి సర్దుకుంటూ, "ఉత్త ఉప్పునీళ్లు ఎక్కిస్తే చాలని పొద్దున మీ ఆవిడే ఫోన్ చేసి చెప్పారు."