నేను రాయించిన షరతు

మలేషియాలో, క్లాంగ్‌లోని మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు నా శిక్షణలో వరుసగా పదకొండు మ్యాచ్‌లు ఓడింది. అయినా నాకు భయం లేదు. గడువుకు ముందే తీసేస్తే మూడు నెలల జీతం ఇచ్చి పంపాలని ఒప్పందంలో పట్టుబట్టి రాయించుకున్నాను. అంత డబ్బు కాలేజీ దగ్గర ఎలాగూ లేదు.

శుక్రవారం ప్రిన్సిపాల్ మోహనప్రియ పిలిచి నా చేతిలో చెక్కు పెట్టింది.

"ఏటి మేడమ్, ఇంత డబ్బు ఎక్కణ్ణుంచి తెచ్చినారు?"

"మీ జట్టు కుర్రోళ్ళే తెచ్చినారు కోచ్. రెండు నెలలు కేంటీన్ ముందర నాసి లెమాక్ పొట్లాలు అమ్మినారు కదా!"

ఆ అమ్మకం కొత్త బూట్ల కోసమేమో అనుకున్నాను. వీళ్ళకి జట్టంటే ఎంత ప్రేమో అని మురిసిపోతూ, చిల్లర కూడా తీసుకోకుండా, రోజూ రెండు కొబ్బరన్నం పొట్లాలు కొన్నవాణ్ణి నేనే.