ఒక్కసారి కూడా హ్యాంగ్ కాలేదు

పార్సిలు విప్పగానే కిషన్‌రావుకు కాళ్లు నేల మీద ఆనలేదు.

లోపల పన్నెండు ఫ్లాపీలు, నాలుగు వందల పేజీల పుస్తకం, ఒక ఉత్తరం ఉన్నాయి. హైదరాబాదులో ఒక కంపెనీ కంప్యూటర్‌ను నడిపించే కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసింది. బజారులోకి వదలకముందే నలభై కంప్యూటర్ కేంద్రాలవాళ్లు దాన్ని పరీక్షించి, తప్పులేమున్నా నెల రోజుల్లో రాసి పంపాలి. బాగా రాసినవారిని జిల్లాకొకరిని ఎంచి, వాళ్ల కేంద్రానికి గుర్తింపు ఇస్తారు.

ఆ నలభైలో కిషన్‌రావు కేంద్రం నడిపే ఇచ్చోడ ఉండడం ఇచ్చోడకే ఆశ్చర్యం. దరఖాస్తులో కేంద్రం పేరు, ప్రిన్సిపాల్ పేరు, విద్యార్థుల సంఖ్య అడిగారు. లెక్కల మాస్టరుగా రిటైరైన కిషన్‌రావు అబద్ధం రాసే మనిషి కాదు. అడిగినవన్నీ నిజాయితీగా నింపాడు. అడగనివి నింపడానికి గడి లేదాయె.

గుర్తింపు రాకపోతే మాత్రం కేంద్రం మూసుకోవాల్సిందే. అప్పటికే సగం మంది పిల్లలు పొద్దున బస్సెక్కి ఆదిలాబాద్‌లో లక్ష్మీరాజం కేంద్రానికి పోతున్నారు. మిగిలింది పదకొండు మంది. "ప్రాక్టికల్స్ ఎప్పుడు సార్?" అని వాళ్లూ గొణుగుతున్నారు. థియరీ పక్కాగా రానిదే మీట ముట్టొద్దని కిషన్‌రావు సిద్ధాంతం. సిద్ధాంతాలకు ఆయన దగ్గర ఎన్నడూ కొదవ లేదు.

"మీకెందుకు గీ పరేషాన్? పెన్షన్ తీసుకొని హాయిగ కూసోరాదుండ్రి," అంది భార్య లీలాబాయి.

"బోర్డు మీద నా పేరున్నది లీలా. దించేటప్పుడు ఊరంత సూస్తది."

నవ్వుతూనే అన్నాడు గాని, ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాటి నుంచి పరీక్ష మొదలైంది. కంప్యూటర్ గదికి పచ్చ పరదా. చెప్పులు బయటే విప్పాలి. విద్యార్థుల్లో చురుకైన నర్మద పుస్తకం పైకి చదివేది. కిషన్‌రావు ఒక చేతి వేలు మీటల మీద, రెండో చేతిలో ఎర్రసిరా పెన్ను.

"ఎఫ్ టెన్ నొక్కితే ఉత్తరం అచ్చయితదట సార్."

"నొక్కిన. తర్వాత?"

"తర్వాతేం లేదు. కని సార్, పద్దెనిమిదో పేజీల ఎఫ్ టెన్ నొక్కితే మొత్తం బంద్ అయితదని ఉన్నది."

కిషన్‌రావు కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "అంటే అచ్చయితదనుకొని నొక్కినోడు రాసిందంత పోగొట్టుకుంటడు. రాయి బిడ్డా, తప్పు నంబర్ పదకొండు."

ముప్పై ఏళ్లు పిల్లల లెక్కల్లో తప్పులు పట్టిన చేయి అది, ఊరికే ఉంటుందా? కరెంటు పోతే ఇద్దరూ కిటికీ దగ్గరికి జరిగేవాళ్లు. పని మాత్రం ఆగేది కాదు.

మూడో వారం లక్ష్మీరాజం బస్సు దిగాడు. ఒకప్పుడు కిషన్‌రావు దగ్గరే ఎక్కాలు నేర్చుకున్న శిష్యుడు. ఇప్పుడు పోటీదారు. అతనికీ అదే పార్సిలు వచ్చింది.

"సార్, నా దగ్గర రోజుకు పదిసార్లు హ్యాంగ్ అయితుంది. మీ దగ్గర ఎట్లున్నది?"

"ఒక్కసారి సుత హ్యాంగ్ కాలె."

"వైరస్?"

"ఇంతవరకైతే రాలె."

లక్ష్మీరాజం నోరు తెరిచాడు. "జర సూపిస్తరా సార్?"

కిషన్‌రావు పరదాకు అడ్డం నిలబడి కంపెనీవాళ్ల ఏడో షరతు చదివి వినిపించాడు. విడుదలకు ముందు బయటివారెవరికీ చూపరాదు. షరతులన్నిట్లో ఆయనకు బాగా నచ్చింది అదే. నర్మద చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

శిష్యుడు చిన్నబోయి వెళ్లిపోయాడు. తాను ఒక్క అబద్ధమూ ఆడలేదని కిషన్‌రావు తనకు తానే మూడుసార్లు చెప్పుకున్నాడు. మూడోసారి కూడా అంత గట్టిగా నమ్మకం కుదరలేదు.

నెల తిరిగేసరికి అరవై మూడు తప్పుల చిట్టా తయారైంది. కంపెనీ ఫారంలో "ఎన్నిసార్లు హ్యాంగ్ అయింది?" అన్నచోట సున్నా వేశాడు. "కరెంటు పోయినప్పుడు ఎంత పని నష్టపోయారు?" అన్నచోట "ఏమీ లేదు" అని రాశాడు. పోస్టు డబ్బాలో వేసి, కవరు కింద పడిన చప్పుడు వినేదాకా అక్కడే నిలబడ్డాడు.

ఇరవై రోజులకు జవాబుతో పాటు ఒక చిన్న పెట్టె వచ్చింది. ఉత్తరం నర్మద చదివింది.

"మిగతా వారందరూ హ్యాంగ్ అవుతున్నదని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివినవారు నలభై మందిలో మీరొక్కరే. మీరు చూపిన అరవై మూడు తప్పులనూ దిద్దుకున్నాము. జిల్లాలో గుర్తింపు మీ కేంద్రానికే ఇస్తున్నాము. మా కృతజ్ఞతగా ఒక మౌస్ పంపుతున్నాము, స్వీకరించండి."

పిల్లలు చప్పట్లు కొట్టారు. బోర్డు దించే బాధ తప్పింది. కిషన్‌రావుకు ఏడుపొచ్చింది. సిగ్గూ వచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో ఏం చేయాలో తోచక గట్టిగా తుమ్మాడు.

లీలాబాయి పెట్టె విప్పి, తోకలాంటి తీగను పట్టుకొని చూసింది. "ఎలుకనే గద! వినాయకుని వాహనం, ఒట్టిగ పెట్టద్దు," అని దానికి కుంకుమ బొట్టు పెట్టింది.

కిషన్‌రావు పచ్చ పరదా పక్కకు జరిపి, మౌస్‌ను రెండు చేతులతో తీసుకెళ్లి టేబులు మీద, అట్టపై గీసిన మీటల బొమ్మ పక్కన పెట్టాడు. తర్వాత భార్య వైపు తిరిగి మెల్లగా అన్నాడు:

"వాహనమైతే ముందుగాల వచ్చింది లీలా, ఇగ ఎట్లనన్న జేసి ఒక కంప్యూటర్ కొనాలె."