పిచ్చర్ చేతి తొడుగు

"తొడుగులో వేగం పెంచిన దొంగ ఎవరు? చెప్పకపోతే ఫైనల్ ఆడనివ్వను!" అంపైర్ గద్దించాడు.

వరంగల్ బేస్‌బాల్ జట్టు పిచ్చర్ మౌక్తికకు చెమటలు పట్టాయి. బంతి విసిరే ప్రతి చేతినీ కరెంటు తొడుగే నడిపించే రోజులవి. నెల తిరక్కుండానే ఆమె బంతి వేగం పది కిలోమీటర్లు పెరిగింది.

"నాకేం తెల్వద్ సార్! రోజూ చార్జింగ్ పెట్టేది మా కోచ్ మేడమే."

అంపైర్ తొడుగు విప్పి నోరు వెళ్లబెట్టాడు. లోపల బ్యాటరీయే లేదు.

కోచ్ అంజమ్మ లేచి నిలబడింది. "ఇరవై దినాల కిందనే నేను తీసేసిన. చెప్తే ఈ పిల్ల భయపడ్తదని చార్జింగ్ పెట్టినట్టు నటించిన. ఇప్పుడు రాస్కోండ్రి సార్, వేగం పెంచిన దొంగ మౌక్తికనే!"