గిజిగాడి బోన్సాయ్

గూళ్లు అల్లడంలో ఆరితేరిన గిజిగాడికి, మట్టి మూకుడులో లేత మేపుల్ మొక్కను బోన్సాయ్‌గా పెంచాలని బుద్ధి పుట్టింది. పొద్దున కొమ్మను నారతో ఎడమకు వంచి కట్టేవాడు. సాయంత్రానికి నచ్చక, విప్పి కుడికి కట్టేవాడు. నచ్చని గూడు పీకేసి మళ్లీ అల్లడం వాడికి పుట్టుకతో వచ్చిన అలవాటు మరి!

పది రోజులకు వాడి ముక్కు నొప్పెట్టింది. మొక్క సగం ఆకులు రాల్చేసింది.

"ఇంత చాకిరీ చేసినా ఇంతే. ఇక నా వల్ల కాదు, నత్తమ్మా," అంటూ మూకుడు అంచున పాకుతున్న ముసలి నత్త ముందు చతికిలబడ్డాడు.

"కట్టిన కట్టు ఒక్కటైనా నాలుగు రోజులు ఉంచావా, నాయనా?"

"ఉంచితే? అందాకా నేనేం చెయ్యను?"

"నీళ్లు పోసి ఊరుకో."

గిజిగాడు ఆఖరిసారిగా కొమ్మను కట్టి, నీళ్లు పోసి కూర్చున్నాడు. మధ్యాహ్నం కాకుండానే మళ్లీ ముడి దగ్గరికి ముక్కు చాచాడు.

"నీ గూటి గడ్డిపోచలకు నొప్పి తెలియదు, అన్నా," అంది మొక్క నీరసంగా. "నేనింకా బతికే ఉన్నాను."

గిజిగాడు చాచిన ముక్కును వెనక్కి తీసుకుని, తన రెక్క కిందే దాచుకున్నాడు. ఆ పది రోజుల్లో వాడు చేసిన పనులన్నిటిలో అదే కష్టమైంది.