నలభై మూడు చుట్టరికాలు

"నలభై మూడా?" అన్నాడు యజమాని వీర్రాజు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ కంప్యూటర్ వైపు చూస్తూ. "మా కార్ఖానాలో ఉన్నదే ముప్ఫై ఎనిమిది మందండీ."

లాస్య తెరమీది ఎర్రగీతలు మళ్ళీ లెక్కపెట్టింది. నలభై మూడే. ఇబ్రహీంపట్నం నుంచి రావిర్యాల పోయే దారిలో ఉన్న ఆ అట్టపెట్టెల కార్ఖానాకు ఆమె వచ్చి పది రోజులైంది. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆమెను ఒంటరిగా పంపిన మొదటి పని ఇదే. కార్ఖానా మొత్తానికీ కంప్యూటర్లో ఒక నమూనా గీసింది. మనిషికో గుండ్రం, ఇద్దరు మనుషుల మధ్య ఓ గీత, ఆ గీతకు వర్తించే నిబంధన. నిబంధన ఎక్కడ తప్పినా ఆ గీత ఎర్రబడుతుంది. ఐదింటికల్లా నివేదిక దానంతటదే పెట్టెలు కొనే పెద్ద కంపెనీకి వెళ్ళిపోతుంది. ఒక్క ఎర్రగీత ఉన్నా ఏడాది ఆర్డరు గోవిందా. ఆర్డరు పోతే సగం మంది ఇంట్లో కూర్చోవాల్సిందే. ఇప్పుడు టైము మూడున్నర.

"ఇంతకీ ఏ నిబంధనండీ మా కొంప ముంచింది?"

"చుట్టరికాలది సార్. కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు, సరుకు తనిఖీ చేసేవాళ్ళు ఒకరికొకరు బంధువులు కాకూడదు. మీ దగ్గరేమో అందరికీ అందరూ బంధువులే."

కాగితం చుట్టలు తెప్పించే హన్మంత్‌ను పిలిపించారు.

"కాగితం తెచ్చి అమ్మే లారీ బాలేష్ మీకు మామా?" అడిగింది లాస్య.

"అవ్, మామనే."

"అంటే మీ అమ్మగారి తమ్ముడా?"

"అమ్మకు తమ్ముడెందుకైతడు? ఆయనది బొంగులూరు, మాది ఇబ్రహీంపట్నం."

"పోనీ, మీ ఆవిడ తరఫా?"

"నాకింక పెండ్లే కాలే మేడం. వయసుల పెద్దోడు, పేరు పెట్టి పిలిస్తె మంచిగుంటదా? గందుకే మామ అంట."

లాస్య తల పట్టుకుంది. చేసిందంతా తనే. 'మీకు ఏమవుతారు' అని అడిగితే జనం దాస్తారని, ఫారంలో తెలివిగా 'ఏమని పిలుస్తారు' అని అడిగింది. ఆ తెలివికి మురిసిపోయి ఆ రోజు రెండు టీలు కూడా తాగింది. ఫ్లాట్లలో ఆంటీ, అంకుల్ అంటూ పెరిగిన పిల్ల. దారినపోయేవాణ్ణి కూడా అన్నా అని పిలిచే ఊరికొచ్చి, పిలుపులన్నీ చుట్టరికాలని నమ్మి కూర్చుంది.

వీర్రాజు పొట్ట ఊగేలా నవ్వాడు. "మా గోదాము లక్ష్మమ్మ నన్ను కొడుకా అంటుందండీ. ఆవిడ నాకన్నా రెండేళ్ళు చిన్న."

నవ్వడానికి టైమెక్కడిది? జాబితా పట్టుకుని లాస్య పరుగు, వెనకే హన్మంత్. మిషన్ల దగ్గర, గోదాములో, లారీల దగ్గర, ఒక్కొక్కరినీ నిలబెట్టి అదే ప్రశ్న. సొంత అన్నా, పిలుపుకు అన్నా? సొంత చిన్నాయనా, వరుసకా? పిలుపుకే అన్నవాళ్ళందరి చేతా సంతకాలు. అందరికీ నవ్వులాటగానే ఉంది గానీ, బాలేష్ తనకు ఏమీ కాడని రాసిన కాగితం ముందు హన్మంత్ పెన్ను పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాడు.

"చెయ్యొస్తలేదు మేడం. రేపు మామ మొఖం ఎట్ల చూడాలె?"

"కంప్యూటర్ కోసమే హన్మంత్ గారూ. మీరు మామ అనే పిలవండి."

గేటు దగ్గరికొచ్చేసరికి అక్కడ వేరే గొడవ. సరుకు తనిఖీ చేసే సాయిమా, పెట్టెల కింద వేసే చెక్కపీటను తిరగేసి మేకు చూపిస్తోంది.

"షబ్బీర్ సాబ్, మీ సరుకు వాపస్. మొల తల బయటికొచ్చింది."

"వెంట్రుక వాసి మేడం," అన్నాడు వడ్రంగి షబ్బీర్.

"వెంట్రుక వాసి చాలు, పెట్టె చినగనీకె. ఈ నెలల ఇది మూడోసారి."

"గింత ఖచ్చితం ఎవరు నేర్పిన్రు మీకు?"

"మా ఇంట్ల నేర్పిన్రు. ట్రాలీ తిప్పుకోండ్రి."

షబ్బీర్ గొణుక్కుంటూ ట్రాలీ తిప్పుకున్నాడు.

"వీళ్ళిద్దరికీ పడదా?" అంది లాస్య.

"గాళ్ళ లొల్లి రోజుండేదే," అన్నాడు హన్మంత్.

లాస్యకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఇద్దరి మధ్య గీత నిన్నటి నుంచీ పచ్చగానే ఉంది. సాయిమా ఫారంలో నిక్కచ్చిగా 'షబ్బీర్ సాబ్' అని రాసింది. అందరూ ఈ పిల్లలా ఉంటే తనకు ఈ పరుగులే ఉండేవి కావు. ఆమెను ఏమీ అడక్కుండానే ముందుకెళ్ళిపోయింది.

ఐదుకు పది నిమిషాలుందనగా చివరి గీత కూడా పచ్చబడింది. ఐదింటికి నివేదిక వెళ్ళింది. పావుగంటలో జవాబొచ్చింది, ఆర్డరు ఖాయమని. వీర్రాజు అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించాడు. లాస్యకు ఆనందంతో ఏడుపొచ్చినంత పనైంది.

బజ్జీ పట్టుకుని తిన్నగా సాయిమా దగ్గరికెళ్ళింది. "నివేదికలో మీ పేరు ప్రత్యేకంగా రాశాను. తనిఖీ అంటే ఇలా ఉండాలని."

సాయిమా ఇబ్బందిగా హన్మంత్ వైపు చూసింది. అతను బజ్జీ నోట్లో కుక్కుకుని అటు తిరిగాడు.

"నన్నెవ్వరు ఏం అడగలే మేడం," అంది సాయిమా.

"మిమ్మల్ని అడిగే అవసరమేముంది? అందరి సరుకూ ఒకసారి చూస్తే, షబ్బీర్ గారిది రెండుసార్లు చూస్తారట. ఎందుకంత పట్టింపు?"

"రేపు ఎవ్వరు వేలు చూపెట్టొద్దని."

"ఎవరైనా ఎందుకు చూపిస్తారు?"

"ఆయన మా బాపు మేడం. కన్నతండ్రి."